డీఎన్ఏ రెండు పేటలు: నాటింగ్‌హామ్ కథ

డీఎన్ఏ నిర్మాణ చరిత్ర అనగానే 1953 ఏప్రిల్ 25న 'నేచర్' పత్రికలో వెలువడిన వాట్సన్, క్రిక్‌ల వ్యాసమే అందరికీ స్ఫురిస్తుంది. నా దృష్టిలో ఆ కథ అంతకు ఆరేళ్ళ ముందే, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీ కాలేజీలో మొదలయింది.

అక్కడి రసాయనశాస్త్ర ఆచార్యులు జాన్ మేసన్ గలండ్. ఆయన, సహచరుడు జోర్డన్, పరిశోధక విద్యార్థి మైకేల్ క్రీత్ కలిసి దూడల థైమస్ గ్రంథి నుంచి డీఎన్ఏను అతి జాగ్రత్తగా, ఘాటైన ఆమ్లమూ క్షారమూ తగలనీయకుండా వేరుచేశారు. అలా తీసిన డీఎన్ఏను నీటిలో కరిగిస్తే బంకలాగా చిక్కబడుతుంది. అందులో కొద్దికొద్దిగా ఆమ్లం కలుపుతూ పోతే, పీహెచ్ సుమారు 5 వరకు చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. అది దాటగానే చిక్కదనం ఒక్కసారిగా పడిపోయింది. క్షారం కలిపినప్పుడు 11 దగ్గర అదే జరిగింది. డీఎన్ఏలోని బేసులలో ఆమ్లక్షారాలతో స్పందించవలసిన చోట్లు అంతవరకూ మరుగునపడి, అప్పుడే బయటపడ్డాయి. అంటే ఆ చోట్లు దేనితోనో ముడిపడి ఉన్నాయన్నమాట! గొలుసును కూర్చిన గట్టి బంధాలు అంత స్వల్పమైన మార్పుకు తెగవు. తెగినవి బేసుల నడుమనున్న బలహీనమైన హైడ్రోజన్ బంధాలని వారు 1947లో ప్రకటించారు. క్రీత్ తన సిద్ధాంతగ్రంథంలో బొమ్మ కూడా గీశారు: చక్కెర, ఫాస్ఫేటు పేటలు రెండు వెలుపల, బేసులు లోపల.

అందులో మెలిక లేదు. ఏ బేసుకు ఏది జతో కూడా లేదు.

అదే ఏడు అక్టోబరు 26న గాస్విక్ దగ్గర జరిగిన రైలు ప్రమాదంలో గలండ్ మరణించారు. ఆ బృందం చెదిరిపోయింది.

1953లో వాట్సన్ ఆ పాత పత్రాలను మళ్ళీ చదివారు. బేసులలో హైడ్రోజన్ ఉండే చోటును పాఠ్యపుస్తకాలు తప్పుగా చూపుతున్నాయని జెర్రీ డొనహ్యూ చెప్పిన మీదట, ఫిబ్రవరి 28న అట్టముక్కలు పేర్చుతుండగా అడినిన్-థైమిన్ జత, గ్వానిన్-సైటొసిన్ జత ఒకే వెడల్పుతో అమరాయి. జతల నియమం నిస్సందేహంగా కేంబ్రిడ్జిదే. అయినా 'నేచర్' వ్యాసం చివర ఇచ్చిన ఆధారాలలో గలండ్ పేరు లేకపోవడం నాకు వెలితిగానే తోస్తుంది.

ఇంకొక మాట. పేటలు స్థిరంగా నిలవడం హైడ్రోజన్ బంధాల ఒక్కటి చలవే కాదు. పళ్ళేల దొంతరలా బేసులు ఒకదానిపై ఒకటి ఒరుసుకుని ఉండడం అంతకన్నా బలమైన ఊతం. 1960లో మార్మర్, డోటీలు బాక్టీరియా డీఎన్ఏను వేడిచేసి పేటలు విడదీసి, మెల్లగా చల్లార్చారు. విడిపోయిన పేటలు తమ జతను వెతుక్కుని మళ్ళీ పెనవేసుకున్నాయి.