ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్: జీవితం, లేఖలు

వియన్నాలో పుట్టిన స్వరకర్త, సంగీతాచార్యుడు షోన్‌బెర్గ్ (1874–1951). సంగీతం చాలావరకు సొంతంగానే నేర్చుకున్నారు. పన్నెండు స్వరాలకూ సమాన స్థానమిచ్చే రచనా పద్ధతిని రూపొందించారు.

ఆయన ఉత్తరాల్లో అన్నిటికన్నా విలువైనవి చిత్రకారుడు కాండిన్‌స్కీతో సాగినవే. 1911 జనవరిలో మ్యూనిక్ కచేరీలో షోన్‌బెర్గ్ సంగీతం విని కదిలిపోయిన కాండిన్‌స్కీ, ముఖపరిచయం లేకపోయినా తానే ముందుగా ఉత్తరం రాశారు. ఆ స్నేహం 1923లో బీటలు వారింది. కాండిన్‌స్కీ బోధిస్తున్న కళా పాఠశాల బౌహౌస్‌లో యూదు ద్వేషం ఉందని విన్న షోన్‌బెర్గ్ ఆయన్ని లేఖలో ఘాటుగా నిలదీశారు. ఈ ద్వేషం హింసకు కాక మరెక్కడికి దారితీస్తుందని అడిగారు, హిట్లర్ పేరూ ఎత్తారు. అప్పటికి హిట్లర్ అధికారానికి రావడానికి ఇంకా పదేళ్లుంది! ఇంతటి ముందుచూపు సంగీతకారుల లేఖల్లో అరుదు.

1933లో హిట్లర్ అధికారానికి వచ్చాక, యూదుడైన షోన్‌బెర్గ్‌కు బెర్లిన్ అకాడమీ ఉద్యోగం పోయింది. పారిస్ మీదుగా అమెరికా చేరి, 1936 నుంచి 1944 వరకు లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బోధించారు. ఎంపిక చేసిన లేఖలను శిష్యుడు ఎర్విన్ స్టైన్ 1958లో ప్రచురించారు.