కర్జన్ ప్రభువు: వైస్రాయి పదవి తరువాత

బెంగాల్‌ను విభజించిన వైస్రాయిగానే జార్జి నథానియల్ కర్జన్ భారతీయులకు పరిచితుడు. స్వదేశంలో ఆయనకు ఎదురైన విచిత్ర పరిస్థితి అంతగా ప్రసిద్ధం కాదు.

డెర్బీషైర్‌లోని ప్రాచీన ప్రభువంశంలో 1859లో జన్మించిన కర్జన్, 1898లో వైస్రాయిగా నియమితుడైనపుడు ఐర్లండు ప్రభువర్గానికి చెందిన బారన్ బిరుదును స్వీకరించాడు. బ్రిటన్ ప్రభువైతే అప్పట్లో మరల కామన్స్ సభకు పోటీచేసే వీలుండేది కాదు. ఐర్లండు బిరుదుకు ఆ అడ్డంకి లేదు. దూరదృష్టితో వేసిన ఎత్తే అది. కాని సేనాధిపతి కిచెనర్‌తో విభేదించి, 1905లో రాజీనామా చేసి స్వదేశం చేరేసరికి, కోట్లాది ప్రజలను శాసించిన ఆ వ్యక్తికి పార్లమెంటు ఉభయసభల్లో ఎక్కడా స్థానం లేకపోయింది. మరుసటి ఏడు భార్య మేరీ మరణించింది. ఐర్లండుతో చెప్పుకోదగిన సంబంధమే లేని కర్జన్ చివరకు 1908లో ఐర్లండు ప్రభువుల ప్రతినిధిగానే లార్డ్స్ సభలో ప్రవేశించాడు!

ఆ సభ వీటో అధికారాన్ని తొలగించే బిల్లు 1911లో వచ్చింది. మొదట తీవ్రంగా ప్రతిఘటించిన కర్జన్, వందలాది కొత్త ప్రభువులను సృష్టించగలమన్న ప్రభుత్వ హెచ్చరిక ఉత్తదికాదని గ్రహించి, వెనుకకు తగ్గవలసిందిగా సహచరులకు నచ్చజెప్పాడు. ఆగస్టు 10న 131–114 ఓట్లతో బిల్లు నెగ్గింది. డిసెంబరులో ఢిల్లీ దర్బారు బెంగాల్ విభజనను రద్దుచేసింది.

1923లో ప్రధానమంత్రి పదవి తనదేనని కర్జన్ నమ్మాడు. ప్రధాని కామన్స్ సభకు చెందినవాడై ఉండాలన్న కారణం చెప్పి, ఐదవ జార్జి చక్రవర్తి స్టాన్లీ బాల్డ్విన్‌ను పిలిపించాడు.