ఉద్దానపు పంచకప్పు



అమరకోశమున ఇంటికప్పునకు పటలమనియు ఛది యనియు, చూరునకు వలీకమనియు వేర్వేరు నామములు గలవు. బాల్యమున వల్లె వేయునపుడు, కప్పులో భాగమే యైన చూరునకు ప్రత్యేకముగ పేరెందులకో నాకు బోధపడలేదు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ, శరన్నవరాత్రులలో రెండవ దినము, తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు బోధపడినది. గాలి కప్పును పెకలించుటకు చూరు క్రిందనే చేయి పెట్టును.

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి ప్రాంతములలో సముద్రమునకు చేరువగా కొబ్బరి, జీడి, పనస తోటలతో నలరారు సీమ మా ఉద్దానము. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలందురు. ఇచ్చటి పూర్వపు ఇల్లు చుట్టిల్లు. మా తాతగారిది అట్టిదే. గుండ్రని మట్టిగోడ, దానిపై గొడుగువలె దిగిన తాటాకు కప్పు. చూరు ఎంత క్రిందికి వ్రాలియుండెననగా, పెద్దలు తల వంచియే లోనికి పోవలెను. గాలికి ఎదురొడ్డు మూల లేదు. దూరుటకు సందు లేదు. అయినను లోన చీకటి. నిప్పు భయము. కొన్ని యేండ్లకొకసారి క్రొత్త ఆకు కప్పవలెను.

అందుచేత జనులు వేరు కప్పులను కోరిరి. 1829లో లండనునందు పామరను ఇంజనీరు ముడుతలు పెట్టిన ఇనుపరేకునకు పేటెంటు పొందెను. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరున పెంకుల కార్ఖానా పెట్టిరి. ఇరువదవ శతాబ్దారంభమున ఆస్ట్రియా దేశీయుడైన హాచెక్ సిమెంటురేకును వెలయించెను. టెక్కలి, పలాస వీధులలో ఈ కప్పులన్నియు ఒకదాని ప్రక్క నొకటి నేటికిని కానవచ్చును. పెంకు తన బరువుచే నిలుచును. రేకునకు ఆ బరువు లేదు. ఈ భేదమును మేము తగినంతగా గుర్తింపలేదు.

ఆ తప్పు నాదియు. మా ముందరి పంచపై సిమెంటురేకులు పరపించి, మేకులకు బదులు రాళ్ళను, ఇసుకబస్తాలను పెట్టించితిని. తిత్లీ రాత్రి ఒక రేకు లేచి ప్రక్కయింటి వాకిట పడి ముక్కలాయెను. వారి ఆవును నిత్యము కట్టు గుంజ అచ్చటనే యున్నది. ఆ సాయంకాలమే వారు దానిని లోపలికి తోలుకొనిపోయిరి గాన బ్రతికినది. వారు నన్నొక్క మాట యనలేదు. అనియున్నచో నా మనసు కొంత తేలికపడియుండెడిది.

మరల పంచ కప్పించునపుడు మా పిల్లలు పాలికార్బొనేటురేకు కావలెననిరి. ఇది 1953లో జర్మనీలో ష్నెల్, అమెరికాలో ఫాక్స్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగ కనుగొనిన పదార్థము. గాజువలె వెలుతురు నిచ్చును, గాజువలె పగులదు. ఆరు మిల్లీమీటర్ల మందముగల గుల్లరేకు చదరపు మీటరునకు సుమారు 1.3 కిలోలు మాత్రమే తూగును. గంటకు 150 కిలోమీటర్ల గాలియో, అంతే చోటుపై నూరు కిలోలకు మించిన ఒత్తిడి చూపును. గాలివేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగింతలగును. మూడు దిక్కుల తెరపియైన పంచలో ఆ బలము క్రిందనుండి పైకి తన్నును. కావున ఇచ్చట స్తంభముల పని కప్పును మోయుట కాదు, పట్టి యుంచుట.

ఈ తూరి స్తంభములను కాంక్రీటులో లోతుగ పాతించితిని. ఉప్పుగాలికి తుప్పుపట్టని మరలను దగ్గరదగ్గరగా, రబ్బరు బిళ్ళలతో బిగింపించితిని. మరకంటె రంధ్రము కొంచెము పెద్దదిగా నుండవలెను. ఏలయన మూడు మీటర్ల రేకు నలువది డిగ్రీల వేడిమి భేదమునకు ఎనిమిది మిల్లీమీటర్ల వరకు సాగును. ఎండను తాళు పూతగల ముఖమే ఆకాశము వైపుండవలెను. నీరు జారుటకు వాలు, దుమ్ము చొరకుండ అంచులకు మూత యుండవలెను. చూరును గోడ దాటి ఎక్కువ చాపనీయలేదు. పంచకప్పును ఇంటికప్పుతో కలుపనీయలేదు. ఒకటి పోయినను రెండవది నిలువవలెను గదా!

తాతగారు ఏటేట భాద్రపదమాసమున నిచ్చెన వేసికొని చూరు త్రాళ్ళను ఒక్కొక్కటిగా లాగి చూచుచుండిరి. అది ఆయన ఇంటికై చేసికొను పని యని అప్పుడనుకొంటిని. ఇప్పుడు నేనును భాద్రపదమున మరలు త్రిప్పి చూచుచున్నాను. నిచ్చెనపై నుండి చూచినచో ప్రక్కయింటి వాకిలియు, ఆ గుంజయు కనబడుచుండును.