పాదిరిగారి పిల్లలు: ఒక రష్యన్ ఇంటిపేరు కథ



రేడియో ఎవరు కనిపెట్టారమ్మా అని పిల్లలు అడిగితే, మార్కొని అని చెప్తాం. మనం చదువుకున్న పుస్తకాల్లో అంతే ఉంది. అదే మాట రష్యాలో ఏ ఇల్లాలిని అడిగినా ఠక్కున 'పొపోవ్' అంటుంది. అక్కడ మే 7వ తేదీ రేడియో దినోత్సవం కూడాను. ఆ పొపోవ్ గారి సంగతి ఎలాగూ వస్తుంది. కాని ఇవాళ నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆయన ఇంటిపేరు గురించి. రష్యాలో చాలా ఎక్కువగా వినపడే ఇంటిపేర్లలో అదొకటి.

రష్యన్ కథలు చదివేటప్పుడు మనకొచ్చే మొదటి చిక్కు పేర్లతోనే. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర అంగళ్లలో చవగ్గా దొరికిన తెలుగు పుస్తకాలు చదివినవారికి ఇది అనుభవమే. ఒకే మనిషిని ఒక పేజీలో అలెక్సాందర్ స్తెపానొవిచ్ అంటారు, ఇంకో పేజీలో సాషా అంటారు, మరోచోట పొపోవ్ అంటారు. ముగ్గురు మనుషులనుకుని మనం పేజీలు వెనక్కి తిప్పుకుంటాం. నిజానికి లెక్క తేలికే. మొదటిది పెట్టిన పేరు. రెండోది తండ్రి పేరునుంచి వచ్చింది. స్తెపాన్ కొడుకైతే స్తెపానొవిచ్, కూతురైతే స్తెపానొవ్నా. మూడోది ఇంటిపేరు. సాషా అన్నది ముద్దుపేరు. గౌరవంగా పిలవాలంటే పేరూ తండ్రిపేరూ కలిపి పిలవాలి. మనకి 'గారు' చేసిపెట్టే పని అక్కడ తండ్రిపేరు చేస్తుందన్నమాట.

ఇక ఇంటిపేరు చివరి 'ఒవ్' అంటే, 'ఎవరి తాలూకు?' అన్న ప్రశ్నకి జవాబు. 'పొప్' అంటే చర్చి పాదిరి. కాబట్టి పొపోవ్ అంటే పాదిరిగారి తాలూకు మనిషి. ఆడవాళ్లయితే పొపోవా. ఒకే ఇంట్లో మొగుడు పొపోవ్, పెళ్లాం పొపోవా. ఈ పొప్ అన్న మాట గ్రీకు భాషలో తండ్రి అనే అర్థమున్న మాటనుంచి పుట్టింది. రోములో ఉండే పోపుగారి బిరుదుకీ మూలం అదే. మనం వాడే 'పాదిరి' అన్న మాట పోర్చుగీసువాళ్లు తెచ్చింది, దానికీ తండ్రి అనే అర్థం.

పాదిరికి పిల్లలెలా ఉంటారని మీకు అనుమానం రావచ్చు. మనకి తెలిసిన రోమన్ కాథలిక్ ఫాదర్లు పెళ్లి చేసుకోరు. రష్యావారి ఆర్థొడాక్స్ శాఖలో అలా కాదు. ఊరి చర్చి పాదిరి సంసారి. అయితే ఒక నియమముంది. దీక్ష తీసుకోక ముందే పెళ్లి అయిపోవాలి, ఆ భార్య పోతే మళ్లీ చేసుకోకూడదు. ఆయన భార్యని ఊరివాళ్లు 'మాతుష్కా' అంటారు, మనం అమ్మగారూ అన్నట్టు. పాతకాలంలో పల్లెటూరి పాదిరికీ రైతుకీ బతుకులో పెద్ద తేడా ఉండేది కాదు. ఆయనా పొలం దున్నుకోవాలి, ఆవిడా పాలు పితుక్కోవాలి. ఇంటినిండా పిల్లలు. ప్రతి ఊళ్లోనూ ఒక చర్చి, ప్రతి చర్చికీ ఒక పాదిరి అన్నప్పుడు, దేశంలో ఇంతమంది పొపోవులు ఉండటంలో వింతేముంది?

అలాగని పొపోవులంతా పాదిరి సంతానమే అనుకోకూడదు. పాదిరి ఇంట్లో పాలేరుగా చేసినవాడూ 'పాదిరిగారి మనిషే'. అతిగా భక్తి చూపించేవాడికి ఊరివాళ్లు 'పొప్' అని ఎగతాళి పేరు పెట్టేవారు, వాడి పిల్లలూ పొపోవులే అయ్యేవారు. మన ఇళ్లలాగే పెద్దింటివాళ్లకి ఇంటిపేర్లు ముందే ఏర్పడ్డాయి. జమీందార్ల కింద వెట్టి రైతులుగా పడి ఉన్న కోట్లాది జనంలో చాలామందికి 1861లో విముక్తి వచ్చాకగాని కాగితాలమీద ఇంటిపేరు స్థిరపడలేదు. నికొనొవ్ అనే పండితుడు రష్యా దేశాన్ని ఇంటిపేర్లనుబట్టి నాలుగు భాగాలు చేశాడు. ఒకచోట స్మిర్నోవ్‌లు ఎక్కువ, ఒకచోట ఇవనోవ్‌లు, ఒకచోట కుజ్నెత్సోవ్‌లు, అంటే కమ్మరివాళ్లు. ఉత్తరాన మంచు ప్రాంతంలో, అర్‌ఖాంగెల్‌స్క్ వైపు, పొపోవులదే రాజ్యం.

మరి అసలైన పాదిరి కొడుకులు పొపోవులుగానే మిగిలారా అంటే, అదీ లేదు. పాదిరి చదువులకి సెమినరీలనే పాఠశాలలుండేవి. అక్కడ పంతుళ్లు పిల్లలకి కొత్త ఇంటిపేర్లు పెట్టేసేవారు. పండుగల పేర్లు, పువ్వుల పేర్లు, రత్నాల పేర్లు. గులాబీనుంచి రోజొవ్, వజ్రంనుంచి అల్మాజొవ్. దాంతో నిజమైన పాదిరి కొడుకేమో వజ్రంగారై కూర్చునేవాడు, పాదిరి పాలేరు మనవడు పొపోవ్‌గా మిగిలేవాడు!

పైగా ఈ పొప్ అన్న మాటలో గౌరవం తగ్గుతూ వచ్చింది. మర్యాదగా అనాలంటే వేరే మాట ఉంది. పూష్కిన్ మహాకవి 1830లో ఒక పిసినారి పొప్‌నీ, వాణ్ణి ఆటపట్టించిన పాలేరునీ గురించి కథాగేయం రాశాడు. ఆయన పోయాక దాన్ని అచ్చువేసేటప్పుడు, ప్రభుత్వానికి భయపడి పొప్‌ని తీసేసి వర్తకుణ్ణి పెట్టారు. పాదిరి వేళాకోళాన్ని జనం ఇంట్లో చెప్పుకుని నవ్వుకోవచ్చుగాని పుస్తకంలో పనికిరాదన్నమాట.

ఈ పాదిరి కుటుంబాల్లో ఆడపిల్లల సంగతి మాత్రం నవ్వులాట కాదు. వాళ్లది మూతవేసిన గిన్నెలాంటి లోకం. కొడుకు సెమినరీకే వెళ్లాలి, పాదిరి కూతుర్నే చేసుకోవాలి. పాదిరి ముసలివాడైనా, మరణించినా ఆయన ఉద్యోగం చాలాసార్లు ఆయన కూతుర్ని పెళ్లాడేవాడికి దక్కేది. వచ్చినవాడు అత్తగారినీ చిన్నపిల్లల్నీ పోషించాలి. మన ఇల్లరికంలాంటిదే. కాకపోతే ఇక్కడ ఆస్తికి బదులు చర్చి కొలువు. దిక్కులేని సంసారం వీధిన పడకుండా చూసే ఏర్పాటే అది, కాదనను. కాని ఆ కుర్రాడికి కావలసింది కొలువు, తల్లికి కావలసింది తిండి. మధ్యలో ఆ పిల్లకేం కావాలో అడిగినవాళ్లు ఎందరుంటారు? 1867లో ప్రభుత్వం ఈ వారసత్వపు పద్ధతిని రద్దు చేసింది. రెండేళ్ల తరువాత పాదిరి పిల్లలు ఏ వృత్తిలోకైనా వెళ్లడానికి చట్టం వచ్చింది.

ఆ తలుపు తెరుచుకున్నాక బయటికి వచ్చినవాళ్లలో ఒకడు మన రేడియో పొపోవ్. అలెక్సాందర్ స్తెపానొవిచ్ 1859లో ఉరల్ కొండల్లో ఒక గనుల ఊళ్లో పుట్టాడు. నాన్న పాదిరి, ఏడుగురు పిల్లలు. డబ్బు లేదు కనక ఈ అబ్బాయినీ సెమినరీలోనే వేశారు. అది ముగించి, దీక్ష పుచ్చుకోకుండా 1877లో పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో లెక్కలూ భౌతికశాస్త్రమూ చదవడానికి వెళ్లిపోయాడు. తరువాత క్రొన్‌స్తాద్త్ రేవులో నౌకాదళం వారి బడిలో పంతులుగా చేరాడు. ఆయన భార్య రయీసా వైద్యం చదువుకుంది. ఆడవాళ్లు డాక్టర్లవడం అప్పుడప్పుడే మొదలైన రోజులవి.

1895 మే 7న ఆయన పీటర్స్‌బర్గ్‌లో పండితుల సభ ముందు ఒక యంత్రాన్ని చూపించాడు. గాజుగొట్టంలో ఇనుప రజను. దూరాన విద్యుత్తరంగం పుడితే ఆ రజను మారి, గంట మోగుతుంది. మెరుపుల్ని ముందుగా పసికట్టడానికి అది పనికొచ్చింది. ఆయన దానికి పేటెంటు తీసుకోలేదు. మరుసటి ఏడు మార్కొని ఇంగ్లండులో పేటెంటుకి అర్జీ పెట్టుకుని, కంపెనీ పెట్టి, ప్రపంచమంతా చాటాడు. మన కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గారు కూడా ఇంచుమించు ఆ కాలంలోనే ఈ తరంగాలతో గంటలు మోగించి చూపించారు. ఎవరు ముందన్న తగాదా ఈనాటికీ తెగలేదు. నా మట్టుకు నాకు, ఒకే పందిరికి తలా ఒక గుంజ పాతారనిపిస్తుంది. 1909లో నోబెల్ బహుమతి మార్కొనికి, జర్మనీవాడైన బ్రౌన్‌కి కలిపి ఇచ్చారు. అప్పటికి పొపోవ్ లేడు, పోయినవారికి ఆ బహుమతి ఇవ్వరు.

కాని ఆయన యంత్రం చేసిన ఒక పని నాకు బహుమతికంటె గొప్పగా తోస్తుంది. 1899 చలికాలంలో ఒక యుద్ధనౌక ఫిన్లాండు సింధుశాఖలో గోగ్లాండ్ అనే దీవి దగ్గర రాళ్లమీదికెక్కి ఇరుక్కుపోయింది. చుట్టూ మంచు గడ్డకట్టింది, తంతితీగ లేదు. పొపోవ్, ఆయన సహాయకుడు రీబ్కిన్ కలిసి దీవిలో ఒకటి, 40 కిలోమీటర్లకి పైగా దూరాన తీరంలో ఒకటి రేడియో స్తంభాలు నిలబెట్టారు. 1900 ఫిబ్రవరిలో ఆ దారిలో వెళ్లిన మొదటి అధికార వార్త నౌక గురించి కాదు. మంచుపలక విరిగి దానిమీద ఉన్న జాలర్లు సముద్రంలోకి కొట్టుకుపోతున్నారు, మంచుకోత నౌక యెర్మాక్ వెంటనే వెళ్లాలి అని. నౌక వెళ్లింది, వాళ్లని ప్రాణాలతో తెచ్చింది. తీరంలో ఎదురుచూస్తున్న ఆ జాలర్ల ఇళ్లవాళ్లకి, రేడియో అంటే ఏమిటో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

1905లో దేశమంతా అల్లర్లు. అప్పటికి పొపోవ్ ఒక విద్యుత్ కళాశాలకి అధిపతి. విద్యార్థుల్ని అణచమని పైనుంచి ఒత్తిడి, ఆయన ఒప్పుకోలేదు. ఆ ఘర్షణల మధ్యే మెదడులో నరం చిట్లి, 1906 జనవరిలో పోయాడు. 46 ఏళ్లు.

విప్లవం వచ్చాక పాదిరి కొడుకుననీ కూతురిననీ చెప్పుకోవడమే ప్రమాదమయింది. 1918 రాజ్యాంగం పాదిరులకి ఓటుహక్కు తీసేసింది. వాళ్ల పిల్లలకి పెద్ద చదువుల తలుపులు మూసుకుపోయాయి. 1936 దాకా కాగితాలమీద ఆ శిక్ష నడిచింది. అదే ప్రభుత్వం 1945లో రేడియోకి ఒక పండుగ పెట్టవలసి వచ్చేసరికి, పాదిరిగారబ్బాయి పొపోవ్ పేరే తలుచుకుంది!

ఇప్పుడు ఇద్దరు పొపోవాల గురించి చెప్తాను. లుబోవ్ పొపోవా 1889లో మాస్కో దగ్గర బట్టల వ్యాపారి ఇంట పుట్టింది. చిత్రలేఖనం నేర్చుకుని, పారిస్ వెళ్లి వచ్చి, కొత్తరకం బొమ్మలతో పేరు తెచ్చుకుంది. ఆ బొమ్మలు నాకంతగా అర్థం కావు. ఆమె చేసిన ఇంకో పని అర్థమవుతుంది. 1923లో మాస్కోలోని ప్రభుత్వ అద్దకపు మిల్లులో చేరి చీటీగుడ్డలకి డిజైన్లు వేసింది. పూలూ లతలూ కాకుండా చారలు, చక్రాలు, గళ్లు. తను డిజైను వేసిన గుడ్డని ఒక పల్లెటూరి ఆడమనిషి బేరమాడి కొనుక్కోవడం చూసినప్పటి ఆనందం ఏ చిత్రప్రదర్శనలోనూ కలగలేదని ఆమె అన్నట్టు తోటివారు రాసిపెట్టారు. ఆమెకి పెళ్లయిన మరుసటి ఏడే భర్త టైఫాయిడ్‌తో పోయాడు. ఒక్కడే కొడుకు. 1924లో వాడికి స్కార్లెట్ జ్వరం వచ్చింది. వాడు పోయాడు, వాడినుంచి అంటుకుని కొద్దిరోజుల్లో ఆమే పోయింది. వాడికి అయిదేళ్లు, ఆమెకి 35.

రెండో ఆమెకంటే ముందు, మిగిలినవారి పేర్లు గబగబా చెప్పేస్తాను. లెయొనీద్ పొపోవ్ 1980లో అంతరిక్షంలో 185 రోజులు గడిపి వచ్చాడు. ఇంకో అలెక్సాందర్ పొపోవ్ ఈతగాడు. 1992, 1996 ఒలింపిక్సుల్లో కలిపి నాలుగు బంగారు పతకాలు కొట్టాడు. 1996లోనే మాస్కో వీధిలో కత్తిపోటు తిని, కోలుకుని మళ్లీ నీళ్లలో దిగి గెలిచాడు. ఒలేగ్ పొపోవ్ సర్కసు బఫూను. గళ్లటోపీ పెట్టుకుని వచ్చి, నేలమీద పడిన దీపపు వెలుగులో చలికాచుకుని, ఆట చివర ఆ వెలుగుని బుట్టలో పెట్టుకుని వెళ్లిపోయేవాడు. చిన్నా పెద్దా అంతా అతన్ని ప్రేమించారు. 2016లో పోయాడు.

నదేజ్దా పొపోవా తండ్రి పాదిరి కాదు, రైల్వే పనివాడు. పదిహేనేళ్లప్పుడే విమానాల క్లబ్బులో చేరింది. 1941లో యుద్ధం వచ్చింది. అన్న యుద్ధంలో చనిపోయాడు. ఊరు జర్మన్ల చేతిలో పడింది. రస్కోవా అనే వీరవనిత ఆడవాళ్లతోనే విమానదళాలు తయారు చేస్తుంటే ఈమె వెళ్లి చేరింది. అందులో ఒక దళంలో పైలట్లనుంచి మెకానిక్కుల దాకా అంతా ఆడపిల్లలే. ఇచ్చిన విమానాలు చెక్కా గుడ్డా కలిపి చేసినవి, పైన కప్పు కూడా లేదు. రాత్రిపూట శత్రువు దగ్గరికి వచ్చేసరికి ఇంజను ఆపేసి, గాలిలో జారుతూ బాంబులు వేసి పోయేవారు. ఆ రెక్కల చప్పుడు విని జర్మన్లు వాళ్లకి 'రాత్రి మంత్రగత్తెలు' అని పేరు పెట్టారు. నదేజ్దా అలా 852 సార్లు వెళ్లి వచ్చింది. ఒక్క రాత్రిలో 18 సార్లు వెళ్లిన రోజు కూడా ఉంది.

1942లో విమానం దెబ్బతిని, వెనక్కి నడుస్తున్న సైన్యంతో కలిసి పోతున్నప్పుడు, ముఖమంతా కట్లు కట్టి ఉన్న ఒక గాయపడిన పైలట్ కనిపించాడు. పుస్తకం చదువుకుంటున్నాడు. పేరు ఖర్లామొవ్. కళ్లు తప్ప ఏమీ కనపడని ఆ మనిషితో స్నేహం కుదిరింది. ఇద్దరూ ఎవరి దళాల్లో వాళ్లు పోరాడారు, ఇద్దరికీ 'సోవియట్ వీర' బిరుదు వచ్చింది. 1945లో బెర్లిన్‌లో జర్మన్ పార్లమెంటు గోడమీద ఇద్దరూ తమ పేర్లు రాశారు. పెళ్లయింది, కొడుకు పుట్టాడు. 2013లో 91 ఏళ్ల వయసులో ఆవిడ పోయినప్పుడు, లోకంలోని పత్రికలన్నీ ఆవిడని పుట్టింటి పేరుతోనే, నదేజ్దా పొపోవా అనే రాశాయి.