ఓడిన ఆటలో దొరికిన దారి

ఊళ్లో అరుగు మీద దేశవాళీ చదరంగం ఆడినవారికి ఒక సంగతి తెలుసు. ఆ ఆటలో బంటు మొదటి ఎత్తుకు కూడా ఒక్క గడే నడుస్తుంది. పాశ్చాత్యుల ఆటలో మొదట రెండు గడులు దూకవచ్చు. దేశవాళీ అలవాటున్నవాడు నిదానంగా బంట్లను కదిపి, శకటును పక్కన కూర్చోబెట్టి, దూరం నుంచే నడిబల్ల మీద కన్నేసి ఉంచుతాడు.

1850 ప్రాంతంలో కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే స్కాట్లండు న్యాయవాదితో మహేశచంద్ర బెనర్జీ ఇలాగే ఆడేవాడు. 1855లో ఒక ఆటలో నల్లపావులతో మూడో ఎత్తుకే మంత్రి ముందరి బంటును రెండు గడులు తోశాడు. తెల్లవాడిని నడుమ బంట్లు నిలుపుకోనిచ్చి, ఆపైన వాటినే పడగొట్టాలన్నది ఎత్తుగడ. ఆ ఆటలో మాత్రం బెనర్జీ ఓడిపోయాడు.

67 ఏళ్ల తరువాత, 1922లో, వియన్నావాసి ఎర్నెస్ట్ గ్రున్‌ఫెల్డ్ అదే పద్ధతిని పెద్ద పోటీల్లోకి తెచ్చాడు. దానికి ఆయన పేరే స్థిరపడింది.

ఇక 1956కు వద్దాం. ఆ జూలైలో అమెరికా జూనియర్ చాంపియన్ అయిన బాబీ ఫిషర్‌కు 13 ఏళ్లు. అక్టోబరులో న్యూయార్క్ పోటీలో డొనాల్డ్ బర్న్‌తో నల్లపావులతో ఆడుతూ, ఐదో ఎత్తుకు ఆ దారిలోకే దిగాడు. పదకొండో ఎత్తుకు గుర్రాన్ని బల్ల అంచుకు దూకించాడు. పదిహేడో ఎత్తుకు మంత్రినే వదిలేసి శకటును వెనక్కు తీశాడు. బర్న్ మంత్రిని చంపాడు. బదులుగా ఫిషర్ వరుస షాలతో ఒక ఏనుగును, రెండు శకట్లను, ఒక బంటును రాబట్టి, 41వ ఎత్తుకు ఆట కట్టించాడు. ‘శతాబ్దపు ఆట’ అని దానికి పేరు వచ్చింది.

మన తెలుగు పిల్లలూ జూనియర్ పోటీల నుంచే పైకి వచ్చారు. కోనేరు హంపి 2001లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్, పెంటేల హరికృష్ణ 2004లో ప్రపంచ జూనియర్ టైటిల్ గెలిచారు.

కాక్రేన్ తన ఆటలను ఇంగ్లండు పత్రికలకు పంపాడు కాబట్టే బెనర్జీ ఆడిన తీరు మనకు తెలిసింది. అరుగుల మీద ఆడిన మన పెద్దల ఆటలు ఎన్ని గాలిలో కలిసిపోయాయో! మీ పిల్లలు పోటీకి వెళితే, గెలిచిన ఆటతోపాటు ఓడిన ఆటనూ రాసి దాచమనండి. దారి ఏ ఆటలో దొరుకుతుందో ముందుగా ఎవరికీ తెలియదు.