సొంత బిడ్డలను నిర్లక్ష్యం చేసినవారు దత్తతకు అర్హులా? - చట్ట నిబంధనలు

పిల్లలున్న కుటుంబాలు కూడా దత్తతకు దరఖాస్తు చేసుకోవచ్చును. అటువంటప్పుడు ఇంట ఉన్న బిడ్డల ఆలనాపాలనా ఎలా సాగుతున్నదన్న విషయం అర్హత నిర్ణయంలో కీలకమవుతుంది. ఇందుకు సంబంధించిన నిబంధనలను పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం దిగువ పొందుపరచడమైనది.

అర్హతలు: బాలల న్యాయ (సంరక్షణ, పరిరక్షణ) చట్టం, 2015 లోని 57వ సెక్షన్ ప్రకారం దత్తత కోరేవారు శారీరకంగా, మానసికంగా, ఆర్థికంగా సమర్థులై, బిడ్డను చక్కగా పెంచాలన్న బలమైన ఆకాంక్ష కలిగి ఉండాలి. దంపతులైతే ఇరువురి సమ్మతి తప్పనిసరి. ఈ సెక్షన్‌లో ‘నిర్లక్ష్యం’ అన్న పదం లేదు. అయితే 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారం క్రిమినల్ నేరంలో శిక్ష పడినవారు, బాలల హక్కుల ఉల్లంఘన కేసులో నిందితులుగా ఉన్నవారు అనర్హులు. రెండవ సందర్భంలో నేరం రుజువు కావలసిన అవసరం లేదు.

నిర్లక్ష్యం ఎప్పుడు నేరం: తన సంరక్షణలోని బిడ్డకు అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగేలా ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చేస్తే 75వ సెక్షన్ కింద 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చును. తమ చేతిలో లేని పరిస్థితుల వల్ల కన్నవారు బిడ్డను వదులుకుంటే దానిని ఉద్దేశపూర్వకంగా భావించరాదని అదే సెక్షన్ పేర్కొంటున్నది. కావున పేదరికాన్ని, నిర్లక్ష్యాన్ని ఒకే గాటన కట్టరాదు.

గృహ అధ్యయనం: కేసు వరకు రాని నిర్లక్ష్యం బయటపడేది ఈ దశలోనే. సామాజిక కార్యకర్త దరఖాస్తుదారుల ఇంటికి వెళ్లి, కుటుంబ పరిస్థితులను పరిశీలించి నివేదిక ఇస్తారు. ఇంట 5 సంవత్సరాలు దాటిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ సమ్మతి కూడా అవసరం. నివేదిక ప్రతికూలంగా ఉంటే కారణాలను దరఖాస్తుదారులకు తెలియజేయాలి.

ఇద్దరు లేదా అంతకు మించి పిల్లలున్న దంపతులకు ప్రత్యేక అవసరాలు గల పిల్లలను, దత్తత కుదరడం కష్టమైన పిల్లలను మాత్రమే ఇస్తారు. బంధువుల పిల్లలు, సవతి పిల్లల దత్తతకు ఈ పరిమితి లేదు.

తుది ఉత్తర్వు: 2022 సెప్టెంబరు 1 నుండి దత్తత ఉత్తర్వుల జారీ అధికారం న్యాయస్థానాల నుండి జిల్లా మేజిస్ట్రేట్‌కు బదిలీ అయినది. దత్తత బిడ్డ సంక్షేమం కోసమేనని సంతృప్తి చెందిన మీదటనే ఉత్తర్వు ఇవ్వాలి. అనంతరం 2 సంవత్సరాల పాటు ప్రతి 6 నెలలకు బిడ్డ స్థితిగతులపై నివేదిక సమర్పించాలి.

హిందూ దత్తత చట్టం: హిందూ దత్తత, మనోవర్తి చట్టం, 1956 కింద జరిగే దత్తతలకు పై విధానం వర్తించదు. కన్నవారే నేరుగా బిడ్డను ఇచ్చినపుడు ఈ చట్టం గృహ అధ్యయనాన్ని కోరదు. కుమారుడు ఉన్నవారు మరొక కుమారుని దత్తత తీసుకోరాదు; కుమార్తెలు మాత్రమే ఉన్నవారు తీసుకోవచ్చును. అంతమాత్రాన మైనరు కుమార్తెల పోషణ బాధ్యత తొలగిపోదని 20వ సెక్షన్ వల్ల స్పష్టమవుతున్నది.

పాత్రికేయులకు గమనిక: సంరక్షణ అవసరమైన బిడ్డ పేరు, చిరునామా, పాఠశాల, ఛాయాచిత్రం వంటి గుర్తింపు వివరాలను ప్రచురించడం 74వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. ఉల్లంఘిస్తే 6 నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును.