ఇంటి గాలి – అడవి పొగ

త్రాగు నీటిని వడగట్టు అలవాటు మన ఇండ్లలో చిరకాలముగా ఉన్నది. కాని పీల్చు గాలి నిర్మలముగా ఉండవలెనను విచారము క్రమముగా పెరిగినది. అది ఎట్లు పెరిగినదో తెలిసికొనుటకు మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతము చక్కని ఉదాహరణము.

తెరచిన కిటికీ

1882లో రాబర్ట్ కాక్ క్షయరోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. దానిని చంపు ఔషధము మాత్రము అప్పటికి లేదు. విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, స్వచ్ఛమైన గాలి – ఇవియే చికిత్స. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున, పొడిగాలి గల మదనపల్లె ఇందుకు అనుకూలమైన చోటు. పలు క్రైస్తవ మిషనులు కలిసి 1912లో ప్రారంభించిన క్షయ చికిత్సాలయము 1915లో పట్టణ సమీపమున సొంత స్థలమునకు చేరినది. అదియే ఆరోగ్యవరము. డెన్మార్కు దేశీయుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దానికి తొలి అధిపతి.

గది గాలి మారుచున్నకొలది అందులో తేలు సూక్ష్మజీవుల సంఖ్య తగ్గును. కావున తెరచిన కిటికీయే అచట వైద్యునికి తోడు. తరువాత మందులు వచ్చినవి. 1956లో మద్రాసులో ఆరంభమై 1959లో ప్రకటింపబడిన పరిశోధన, మందులు సక్రమముగా వాడినచో క్షయరోగి ఇంటివద్దనే కోలుకొనగలడని నిరూపించెను. చికిత్స ఇంటికి వచ్చినది. మరి ఇంటి గాలి సంగతి ఏమి?

వంటింటి పొగ

కట్టెల పొయ్యి గల ఇంట ముఖ్య శత్రువు వంటింటిలోనే ఉండెను. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్. పి. రాజు ఈ సమస్యపై కృషిచేసి, 1953లో పొగలేని వంటిండ్లను గూర్చి ఒక గ్రంథము ప్రచురించెను. ఆయన మట్టిపొయ్యిలో ఒకే మంట పలు పాత్రలను వేడిచేసెడిది. వేడిగాలి తేలికైనది కావున పొగ గొట్టము గుండా తనంతట తానే పైకి పోయెడిది. 1983లో ఆరంభమైన జాతీయ పథకము ఇట్టి పొయ్యిలను దేశమంతట వ్యాపింపజేయ యత్నించి 2002తో ముగిసినది. మసి పట్టిన గొట్టమును శుభ్రపరుపకున్నచో మంచి పొయ్యి సైతము పొగచూరును గదా! 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకము, 2016లో కేంద్ర ప్రభుత్వపు ఉజ్జ్వల పథకము పేద గృహములకు గ్యాసును చేర్చినవి.

అడవి పొగ

ఇంటి పొగను బయటకు పంపుట నేర్చిన తరువాత, బయటి పొగ ఇంటిలోనికి వచ్చినచో ఏమి చేయవలెను? ఈ ప్రాంతపు అడవులు ఆకురాల్చు జాతివి. చలికాలము గడచునప్పటికి నేల ఎండుటాకులతోను, గడ్డితోను నిండును. కుప్పము వైపున 1990లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కౌండిన్య వనము ఇట్టిదే. ఫిబ్రవరి మొదలు మే వరకు ఒక బీడీ ముక్కయో, చిగురు గడ్డికై పెట్టిన నిప్పో కార్చిచ్చుగా మారవచ్చును. 2014 మార్చిలో శేషాచలము కొండలు అంటుకొన్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు రావలసివచ్చెను.

పగలు పైకి లేచిపోవు పొగ రాత్రివేళ నేల చల్లబడగానే పల్లపు ఊళ్లపై నిలిచిపోవును. దానిలోని కణములలో అధికభాగము 2.5 మైక్రోమీటర్లకంటె చిన్నవి. అనగా తలవెండ్రుక మందములో ముప్పదవ వంతునకు లోబడినవి. అవి ఊపిరితిత్తుల లోతట్టునకు చేరును. పసిబిడ్డలకు, వృద్ధులకు, గర్భిణులకు, ఉబ్బసము గలవారికి ఇవి మిక్కిలి హానికరములు. రోజు సగటున ఘనపు మీటరు గాలిలో ఇట్టి కణములు 15 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. మన దేశపు 2009 ప్రమాణము 60.

ఆరోగ్యవరపు సూత్రము ఇచట తలక్రిందులగును. బయటి గాలి మంచిదైనపుడు కిటికీ తెరువవలెను. పొగ కమ్మినపుడు మూయవలెను. అయితే ఒక హెచ్చరిక: మూసిన ఇంట కట్టెలపొయ్యి గాని, బొగ్గుల కుంపటి గాని రగిలించినచో కార్బన్ మోనాక్సైడు ప్రాణములను తీయగలదు. అగరువత్తి, దోమల చుట్ట సైతము ఆ సమయమున మానదగినవే. కనుక రాజుగారి పాఠము ముందు, కిటికీ మూయుట తరువాత.

మూసిన గదిలోని గాలిని వడగట్టు మార్గము కూడ పాతదే. 1870లో జాన్ టిండాల్, దూది గుండా పోయిన గాలిలో కాంతిరేఖను చెదరగొట్టు ధూళి లేదని చూపి, ఆ పిదప అగ్నిమాపకులకై దూది, బొగ్గు గల ముసుగును రూపొందించెను. 1940లలో అమెరికా అణుపరిశోధనలో పుట్టిన వడపోతలకు వారసులైన నేటి హెపా ఫిల్టర్లు 0.3 మైక్రోమీటరు కణములలో నూటికి 99.97 వంతులు ఆపును. 2020లో రిచర్డ్ కోర్సి, జిమ్ రోజెంతాల్ ఒక పంకాకు ఫిల్టర్లను పెట్టెవలె అమర్చి చౌక సాధనమును ప్రచారములోనికి తెచ్చిరి. కిటికీకి కట్టిన తడిగుడ్డ బూడిదను ఆపునే గాని సూక్ష్మకణములను ఆపజాలదు. బయటకు వెళ్లక తప్పనివారికి ముఖమునకు బిగువుగా పట్టు ఎన్-95 ముసుగు మేలు.

సాధనములు కొనలేనివారును ఒక గదిని ఎన్నుకొని, సందులను గుడ్డతో మూసి, పొగ తేలిపోగానే తలుపులు బార్లా తెరువవచ్చును. అన్నిటికంటె చౌకయైన రక్షణ మాత్రము అడవి అంచుననే ఉన్నది. ఆర్పిన తరువాతనే పారవేయబడిన బీడీ ముక్క ఒక ఊరి ఊపిరిని కాపాడును.